రోజు వాన లెక్కలోంచి పావుగంట వాన తీయడం ఎలా? నాలా మోడల్ కట్టేవారికి నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎంటెక్ థీసిస్ కోసం హైదరాబాద్‌లో ఒక కాలనీ వరద కాలువకు ఎస్‌డబ్ల్యూఎంఎంలో, అంటే పట్టణ వరదనీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో, మోడల్ కడుతున్నారు. చేతిలో 30 ఏళ్ల రోజువారీ వర్షపాతం ఉంది. మోడల్‌కి మాత్రం 15 నిమిషాల వాన కావాలి. రోజులో 96 పావుగంటలు కాబట్టి రోజు వానను 96తో భాగించి వేసేయమని ఒక సీనియర్ అన్నారు. ఇంకొకరు వాతావరణ శాఖ ఘనమూలం సూత్రం వాడమన్నారు. ఏది సరైనదో తేలక టెన్షన్ పడుతున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. 96తో భాగించకండి. ఘనమూలం సూత్రం తొలి అంచనాకు పనికొస్తుంది కానీ 30 ఏళ్ల వరుసను నడపడానికి పనికిరాదు. మీకు కావలసింది మూడో దారి. అది చెప్పేముందు ఈ రెండూ ఎందుకు చాలవో మీకు లెక్కతో సహా తెలియాలి. లేకపోతే రేపు రివ్యూలో ఎవరైనా అడిగితే జవాబు ఉండదు.

మన ఇళ్లలో వాన గురించి వాడే మాటలే చూడండి. ముసురు అంటే పొద్దస్తమానం తెరిపి లేకుండా సన్నగా పడేది. కుండపోత అంటే అరగంటలో వీధిని ముంచేది. మర్నాడు పొద్దున వానకొలతలో చూస్తే రెండూ 60 మిల్లీమీటర్లే ఉండొచ్చు. ముసురుకి గొడుగు చాలు, కుండపోతకి నాలా పొంగుతుంది. రోజు లెక్కలో ఈ తేడా పోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడమే మీ పని. కానీ అది ఆ అంకెలో ఎక్కడా దాగి లేదు. మీరు ఏ సూత్రం వాడినా వాన ఆకారాన్ని ఎక్కడినుంచో అరువు తెస్తున్నట్టే. ఎక్కడినుంచి తెస్తున్నారు, అది మీ ఊరి వానేనా అన్నది మిగతా అన్నిటికంటే ముఖ్యం.

రోజుకొకసారి కొలిచే అలవాటు నాలాల కోసం పుట్టింది కాదు. తహశీల్దారు ఆఫీసు ఆవరణలో వానకొలత, పొద్దున 8:30కి ఒక మనిషి వెళ్లి గాజు కొలపాత్రలో పోసి చూడడం, రిజిస్టరులో రాయడం: ఇదంతా పంటల కోసం, చెరువుల కోసం. చేను పదునెక్కిందా, చెరువులోకి నీళ్లు వచ్చాయా అనడానికి రోజు లెక్క ధారాళంగా సరిపోతుంది. ఎందుకంటే చెరువు గంటల తరబడి, రోజుల తరబడి నిండుతుంది. మీ కాలనీ కాలువకు అంత ఓపిక లేదు. అటు చివరి డాబా మీద పడ్డ చుక్క ఇటు చివరి మ్యాన్‌హోల్‌కి 20 నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆ 20 నిమిషాల్లో ఎంత పడిందన్నదే కాలువకు ముఖ్యం.

ఇప్పుడు లెక్క. కాలనీ 50 హెక్టార్లు అనుకుందాం. అంతా డాబాలు, సీసీ రోడ్లు కాబట్టి పడ్డ నీటిలో 80 శాతం కాలువలోకి వస్తుంది. నీరంతా చేరడానికి అరగంట. ఒకరోజు 120 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 24 గంటలకూ సమానంగా పంచితే గంటకు 5 మిల్లీమీటర్లు. రేషనల్ సూత్రంలో, అంటే విస్తీర్ణం, వాన ఉద్ధృతి, కాలువలోకి వచ్చే నీటి శాతం మూడింటినీ గుణించే లెక్కలో వేస్తే సెకనుకు 0.56 ఘనపు మీటర్ల ప్రవాహం. మంచి వాలు ఉంటే రెండడుగుల పైపు మోసేస్తుంది.

అదే రోజును ఘనమూలం సూత్రంలో వేయండి. 24 గంటల వానను, మీకు కావలసిన వ్యవధిని 24తో భాగించి తీసిన ఘనమూలంతో గుణించాలి. అరగంటకు 33 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే గంటకు 66 మిల్లీమీటర్ల ఉద్ధృతి. ప్రవాహం సెకనుకు 7.3 ఘనపు మీటర్లు. 13 రెట్లు పెరిగింది! ఇప్పుడు రెండడుగుల పైపు కాదు, రెండు మీటర్ల వెడల్పు బాక్స్ డ్రైన్ కావాలి. ఒకే రోజు, ఒకే 120 మిల్లీమీటర్లు. 96తో భాగించి పైపు వేస్తే మొదటి గట్టివానకే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. మీ సీనియర్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. పెద్ద నది పరీవాహకానికి, రిజర్వాయరు లెక్కలకు ఆ పద్ధతి అంత నష్టం చేయదు. కాలనీకి మాత్రం చేస్తుంది.

మరి ఘనమూలం సూత్రమే వాడేద్దామా? దాని స్వభావం తెలుసుకోవడానికి 3 గంటలకు వేసి చూడండి, నోటిలెక్కే. 3ని 24తో భాగిస్తే ఎనిమిదో వంతు, దాని ఘనమూలం సగం. అంటే ఏ రోజైనా, ఏ ఊరైనా, ఏ కాలమైనా, వానలో సగం మూడు గంటల్లో పడిందని అది చెబుతుంది. గంటకు 35 శాతం, పావుగంటకు 22 శాతం. ఎప్పుడూ అంతే.

దీన్ని నిజమైన వాన మీద పెట్టి చూద్దాం. 2005 జులై 26న ముంబయి శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు పడింది. అక్కడ తనంతట తానే నమోదు చేసే గేజ్ ఉండబట్టి గంటల లెక్క మన దగ్గర ఉంది. అన్నిటికంటే భారీగా పడిన గంటలో దాదాపు 190 మిల్లీమీటర్లు, మూడు గంటల్లో దాదాపు 381. సూత్రం ప్రకారం అయితే గంటలో 327, మూడు గంటల్లో 472 పడాలి. గంట శిఖరాన్ని సూత్రం 70 శాతం ఎక్కువ చూపించింది. గంటల తరబడి దంచే వానలకు ఇలాగే అవుతుంది. వాన ఎక్కువసేపు పరుచుకుంటుంది, సూత్రం దాన్ని కుదించేస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురు కేసు మన ఏప్రిల్, మే నెలల గాలివాన. ఎండ మండిపోయి, సాయంత్రం నాలుగింటికి దుమ్ము లేచి, 40 నిమిషాల్లో 40 మిల్లీమీటర్లు కొట్టి ఆగిపోతుంది. ఆ రోజుకు అంతే. సూత్రాన్ని అడిగితే గంటలో 14 మిల్లీమీటర్లు అంటుంది. నిజానికి 40 మొత్తం గంటలోపే పడింది. ఇక్కడ మూడో వంతుకు తగ్గించేసింది. అందుకే తుపాను వానకీ గాలివానకీ ఒకే చొక్కా తొడిగే పద్ధతితో 30 ఏళ్ల వరుసను నడపొద్దంటున్నాను. ఐడీఎఫ్ కర్వులు, అంటే ఎన్నేళ్లకోసారి ఎంతసేపు ఎంత ఉద్ధృతితో వాన పడుతుందో చూపే గీతలు, దొరకని చోట ఒక డిజైన్ వానను అంచనా కట్టడానికి వాడండి, దాని స్థానం అక్కడే. ఇంకో సంగతి: ఆ సూత్రం ఎంత పడుతుందో చెబుతుంది కానీ ఎప్పుడు పడుతుందో చెప్పదు. వరుస కావాలంటే శిఖరాన్ని మధ్యలో పెట్టి, మిగతా ముక్కల్ని కుడి ఎడమలకు మార్చి మార్చి పేర్చే ఆల్టర్నేటింగ్ బ్లాక్ పద్ధతి కలపాలి.

పద్ధతిలోకి వెళ్లేముందు 8:30 గురించి చెప్పాలి. ఎంతోమంది పిల్లలు ఇక్కడ నెలలు పోగొట్టుకోవడం చూశాను. మన దేశంలో ఒక తేదీ కింద రాసిన వాన ఆ తేదీది కాదు. ముందురోజు పొద్దున 8:30 నుంచి ఆరోజు పొద్దున 8:30 దాకా పడినది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది 13వ తేదీ సాయంత్రం, రాత్రి. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు. వాతావరణ శాఖ రికార్డులో ఇది 14వ తేదీ కింద ఉంటుంది. వరద ఫొటోలన్నీ 13 రాత్రివి. మోడల్‌లో వానను 14వ తేదీ 00:00 నుంచి మొదలుపెడితే ఫొటోలకీ మోడల్‌కీ ఎప్పటికీ పొత్తు కుదరదు. అప్పుడు తప్పు వానలో ఉందని తెలియక పైపు గరుకుదనం అంకెల్ని మారుస్తూ కూర్చుంటారు.

ఐమెర్గ్ అనే నాసా ఉపగ్రహ వాన డేటా, ఈఆర్ఏ5 అనే యూరప్ వాతావరణ కేంద్రం డేటా లాంటివి కలిపేటప్పుడు ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. అవి గ్రీనిచ్ కాలమానంలో ఉంటాయి. మన 8:30 అంటే వాటిలో 03:00. అదృష్టవశాత్తూ ఐమెర్గ్ అరగంట ముక్కలు, ఈఆర్ఏ5 గంట ముక్కలు రెండూ 03:00 దగ్గర శుభ్రంగా తెగుతాయి. మీ కొత్త రోజును అక్కడ మొదలుపెట్టండి.

దీనికి తోడు ఇంకొకటి. 8:30 గీతకు అటు సగం ఇటు సగం పడిన వాన రెండు రోజుల్లోకి చీలిపోతుంది. అందుకే ఏటా రోజువారీ గరిష్ఠాన్ని తీస్తే, నిజమైన 24 గంటల గరిష్ఠం కంటే సగటున తక్కువ వస్తుంది. దాన్ని సరిదిద్దడానికి 1.13 చుట్టుపక్కల ఒక గుణకం వాడడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఐడీఎఫ్ కోసం గరిష్ఠాలు తీసేటప్పుడు మాత్రమే దాన్ని వాడండి. వరుసలోని ప్రతి రోజునూ 1.13తో గుణిస్తే లేని వాన పుట్టుకొస్తుంది.

గంట లెక్కల్లో కూడా ఇదే జబ్బు ఉందని నేను తెలుసుకున్నది ఒక ఇంట్లో. చాలా ఏళ్ల క్రితం ఒక కాలనీకి గంటవారీ డేటాతో కాలువ లెక్క వేశాం. రెండేళ్లకే నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. వెళ్లి చూస్తే ఒక ఇంటావిడ గోడ మీద మట్టి గీత చూపించింది, సరిగ్గా మోకాలి ఎత్తు. తలుపు చెక్క కిందభాగం ఉబ్బి మూతపడటం లేదు. "ఏడున్నర సీరియల్ సగంలో ఉండగా మొదలైంది సార్, ఎనిమిదింబావుకల్లా గ్యాస్ స్టవ్ తీసి బల్ల మీద పెట్టుకున్నా" అంది. మా దగ్గరున్న లెక్కలో ఏడు నుంచి ఎనిమిది గంటలకు 28 మిల్లీమీటర్లు, ఎనిమిది నుంచి తొమ్మిదికి 27. రెండూ డిజైన్ కంటే తక్కువే. ఆఫీసుకొచ్చి ఆరోజు సైఫన్ గేజ్ చార్టు తెప్పించి చూశాను. ఆ గేజ్‌లో కలం 10 మిల్లీమీటర్లు ఎక్కగానే నీరు ఖాళీ అయి ధబేలున సున్నాకి పడిపోతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఆ చార్టులో సెంటీమీటరు కూడా లేని జాగాలో కలం ఐదుసార్లు ఎక్కి దిగింది. సిరా గీతలు ఒకదానికొకటి అంటుకుపోయి నల్లటి పట్టీలా ఉంది. 7:40 నుంచి 8:20 దాకా, 40 నిమిషాల్లో 55 మిల్లీమీటర్లు. అంటే గంటకు 82 మిల్లీమీటర్ల ఉద్ధృతి. గడియారపు గంట దాన్ని సరిగ్గా మధ్యకు కోసి మా కళ్లకు గంతలు కట్టింది. ఆవిడ చెప్పిన సీరియల్ టైము మా డేటా కంటే నిక్కచ్చిగా ఉంది. ఆ రోజునుంచి ఏ కాలువ లెక్కకైనా ముందు ఇళ్లవాళ్లను అడుగుతాను. ఇప్పుడైతే ఫోన్ వీడియోల్లో టైము ఉంటుంది, వీధి సీసీ కెమెరాల్లో ఉంటుంది. మీ మోడల్ శిఖరం ఎప్పుడొచ్చిందో సరిచూసుకోవడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఇక నేను చెప్పిన మూడో దారిలోని పద్ధతులు. మీకు నా మొదటి సలహా ఫ్రాగ్మెంట్స్ పద్ధతి. ఆలోచన చాలా తేలిక. మీకు 30 ఏళ్ల రోజువారీ లెక్క ఉంది. దానితోపాటు దగ్గర్లోని ఆటోమేటిక్ స్టేషన్‌లో కొన్నేళ్ల 15 నిమిషాల రికార్డు సంపాదించాలి. తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు, ఆంధ్రలో అలాంటి సంస్థకే, ఆటోమేటిక్ స్టేషన్ల నెట్‌వర్క్ ఉంది. హైదరాబాద్‌లోనైతే మీ కాలనీకి దగ్గరగానే ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. అధికారికంగా ఉత్తరం పెట్టి అడగండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో వెళితే పని సులువు.

ఆ 15 నిమిషాల రికార్డును 8:30 నుంచి 8:30కి రోజులుగా కోయండి. ప్రతి వానరోజుకూ 96 భిన్నాలు వస్తాయి, అన్నీ కలిపితే 1. అంటే ఆరోజు వాన ఆకారం మీ చేతికొచ్చింది. ఇప్పుడు పాత రికార్డులో ఒక రోజు తీసుకోండి, 1994 ఆగస్టులో 46 మిల్లీమీటర్లు పడిన రోజు అనుకోండి. ఆ ఆకారాల సంచిలో దానికి చుట్టాలెవరో వెతకండి. అదే కాలం, అంటే తేదీకి అటూ ఇటూ రెండు మూడు వారాలు. మొత్తం 46కి దగ్గరగా. ముందురోజు, తరవాతిరోజు వాన ఉందా లేదా అన్నది కూడా కలవాలి, ఎందుకంటే ముసురు మధ్యలో ఉన్న రోజు ఆకారం ఒంటరిగా వచ్చిన జల్లు ఆకారంలా ఉండదు. అలా కలిసిన దగ్గరి చుట్టాల్లో ఒకదాన్ని లాటరీ తీసి, దాని 96 భిన్నాలను 46తో గుణించండి. రోజు మొత్తం చెక్కుచెదరదు, ఆకారం మీ ఊరి వానది. ఎంతమంది చుట్టాల్లోంచి తీయాలంటే, సరిపోలిన రోజుల సంఖ్యకు వర్గమూలం తీసుకోవడం మామూలు. దగ్గరి చుట్టానికి ఎక్కువ అవకాశం ఇవ్వాలి.

ఈ పద్ధతి తడబడేది పెద్ద వానల దగ్గర. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. అలాంటి రోజుకు మీ ఆరేడేళ్ల సంచిలో చుట్టం దొరకదు. ప్రోగ్రామ్ ఊరుకోదు, ఉన్నవాటిలో దగ్గరిదని 60 మిల్లీమీటర్ల రోజును పట్టుకొస్తుంది. ఆ 60లో 45 గంటలోనే పడిందనుకోండి, భిన్నం 0.75. దాన్ని 240తో గుణిస్తే గంటకు 180 మిల్లీమీటర్లు. ఇది కాగితం మీద పుట్టిన పిడుగు. దీన్ని నమ్మి కాలువ కడితే ఊరి బడ్జెట్ మొత్తం పోతుంది. అందుకని 100 మిల్లీమీటర్లు దాటిన రోజులను విడిగా తీయండి. వాటికి మీ స్టేషన్ ఒక్కటే కాకుండా నగరంలోని, చుట్టుపక్కల జిల్లాల్లోని స్టేషన్లన్నిటి పెద్దవాన రోజులను ఒకే సంచిలో వేయండి. 30 ఏళ్లలో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. ఒక్కో రోజుకు వార్తాపత్రికలు తిరగేసి, వాన ఎన్నింటికి మొదలైందో, ఎన్ని గంటలు దంచిందో చూసి ఆకారం ఎంచుకున్నా శ్రమ వృథా పోదు. కాలువ కొలతను తేల్చేది ఆ పిడికెడు రోజులే.

15 నిమిషాల రికార్డు అయిదేళ్లకు మించి దొరకకపోతే క్యాస్కేడ్ పద్ధతికి వెళ్లండి. దీనిలో ఆకారాలను ఎత్తుకురావడం ఉండదు. వాన చీలే తీరును నేర్చుకుని ఆ తీరులో చీలుస్తాం. రోజును సగానికి కోస్తే మూడే దారులు: అంతా మొదటి సగంలో పడింది, అంతా రెండో సగంలో పడింది, లేదా రెండింటికీ ఏదో నిష్పత్తిలో పంచుకుంది. ఒక్కో దారికి ఎంత అవకాశమో మీ కొద్దిపాటి రికార్డులోంచి లెక్కగడతారు. స్వీడన్ పరిశోధకుడు ఓల్సన్ 1998లో దీనికి ఒక మంచి మెలిక జోడించారు. వానముక్క ఒంటరిదా, వాన మొదట్లో ఉందా, మధ్యలో ఉందా, చివర్లో ఉందా అన్నదాన్ని బట్టి అవకాశాలు వేరు. మన అనుభవానికీ అదే తోస్తుంది. వాన మొదలయ్యే ముక్కలో నీరు రెండో సగం వైపు మొగ్గుతుంది, ఆగిపోయే ముక్కలో మొదటి సగం వైపు.

చేతితో ఒకటి చేసి చూద్దాం. రోజు మొత్తం 72 మిల్లీమీటర్లు. 24 గంటలను సగాలు చేస్తూ పోతే 90 నిమిషాలు, 45, 22.5 అని అడ్డదిడ్డంగా వస్తుంది, 15 ఎప్పటికీ రాదు. అందుకే మొదటి కోత మూడు ముక్కలు: ఎనిమిదేసి గంటలు. లాటరీలో 6, 60, 6 వచ్చాయి. మధ్య ముక్క సాయంత్రం 4:30 నుంచి రాత్రి 12:30 దాకా. దాన్ని సగం చేస్తే 54, 6. ఆ 54ను సగం చేస్తే 0, 54, అంటే 6:30 దాకా చినుకు లేదు, 6:30 నుంచి 8:30 దాకా అంతా. మళ్లీ సగం: 40, 14. ఆ 40 అరగంటలుగా 12, 28. ఆ 28 పావుగంటలుగా 18, 10. పావుగంటలో 18 మిల్లీమీటర్లు, అంటే గంటకు 72. రోజు సగటు గంటకు 3 మాత్రమే! మళ్లీ మొదటినుంచి లాటరీ తీస్తే ఇంకో వాన వస్తుంది, మొత్తం మాత్రం 72కి ఒక్క చుక్క తేడా రాదు. 5 నిమిషాల దాకా వెళ్లాలనుకునేవారు రోజును 1280 నిమిషాలుగా భావించి ఎనిమిది సార్లు సగం చేస్తారు, సరిగ్గా 5 నిమిషాలు వస్తుంది. మిగిలిన 160 నిమిషాల సంగతి ఏం చేయాలన్నది దానికున్న చిక్కు.

క్యాస్కేడ్‌కు ఒక జబ్బు ఉంది. పక్కపక్క ముక్కల మధ్య ఉండాల్సిన పోలిక తగ్గిపోతుంది. ఒక పావుగంట దంచి, పక్క పావుగంట ఎండి, మళ్లీ దంచినట్టు కనిపిస్తుంది. మన గట్టివానలు అంత తెగిపోయి ఉండవు. కాలువకు ఇది ముఖ్యమే, ఎందుకంటే శిఖరానికి ముందు కాలువ నిండి ఉందా ఖాళీగా ఉందా అన్నది దీన్ని బట్టి మారుతుంది. వచ్చిన వరుసను గ్రాఫ్ గీసి కళ్లతో చూడండి. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. పది వానలు గీసి చూస్తే ఏదో తేడాగా ఉందని మీ కంటికే తెలిసిపోతుంది, మీరు చిన్నప్పటినుంచి చూసిన వానలే కదా.

మూడోది బార్ట్‌లెట్-లూయిస్ నమూనా. వానలు గుంపులుగా వస్తాయి, ఒక్కో గుంపులో కణాలు, ఒక్కో కణానికి ఒక వ్యవధి, ఒక ఉద్ధృతి అన్న ఊహ మీద 1987లో రోడ్రిగెజ్-ఇతుర్బే, కాక్స్, ఇషమ్ దీన్ని కట్టారు. ఏథెన్స్ జాతీయ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ల హైటోస్‌మినిట్ అనే ప్యాకేజీ (ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలోది) దీనితోనే రోజును నిమిషాల దాకా విడగొడుతుంది. బలమైన పద్ధతి. కానీ పరామితులను సరిపెట్టడం మొండి పని, నెలనెలకూ వేరుగా చేయాలి. ఎంటెక్ థీసిస్‌కు ఉన్న వ్యవధిలో, ఇప్పటికే కాలువ మోడల్ భారం కూడా మీ మీద ఉండగా, నేను దీన్ని సూచించను. పీహెచ్‌డీ అయితే మాట వేరు.

వాన వ్యవధిలో ఏ వేళకు ఎంత శాతం పడుతుందో చూపుతూ, అమెరికాలోని ఇల్లినాయిస్ వానల మీద హఫ్ 1967లో ఇచ్చిన వక్రరేఖలు, రోజు వానను గంటలకు పంచే అమెరికావాళ్ల టైప్-2 నమూనా ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కితే వస్తాయి కాబట్టి మన రిపోర్టుల్లో తెగ కనిపిస్తాయి. అది అమెరికా వాన ఆకారం. హఫ్ పద్ధతిని మన డేటాతో మళ్లీ కట్టుకుంటే మంచిదే. వాళ్ల అంకెల్ని ఎత్తుకొచ్చి మూసీ పరీవాహకంలో పోయడం మాత్రం నాకు అసలు నచ్చదు.

ఉపగ్రహం గురించి కూడా అడుగుతారు. ఐమెర్గ్ అరగంటకోసారి, దాదాపు 10 కిలోమీటర్ల గడిలో ఇస్తుంది. మొత్తం ఎంత పడిందన్నదానికి దాన్ని నమ్మొద్దు, గడి సగటు కాబట్టి శిఖరాలు చదునైపోతాయి. కానీ వాన ఏ జామున పడిందో తెలుసుకోవడానికి బాగా ఉపయోగం. మొత్తం గేజ్‌ది, సమయం ఉపగ్రహానిది అని పెట్టుకోండి. రోజువారీ లెక్క గేజ్‌ది కాకుండా వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గడి డేటా అయితే ఇంకో మెట్టు జాగ్రత్త. అది 25 కిలోమీటర్లకు పైగా ఉన్న గడి సగటు. ఘట్‌కేసర్‌లో 32, బేగంపేటలో 19 పడిన రాత్రిని ఒకే అంకెగా చేస్తే ఆ రెండు చోట్లా జరిగింది అందులో కనిపించదు. పట్టణాల్లో ప్రతి 4 చదరపు కిలోమీటర్లకూ ఒక వానకొలత ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో మార్గదర్శకాలిచ్చింది ఇందుకే. ముంబయి 2005 వరద తరవాత 15 నిమిషాలకోసారి చెప్పే స్టేషన్లు పెట్టుకుంది.

మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పరీక్ష తప్పక చేయండి. ఉన్న 15 నిమిషాల రికార్డును కలిపి రోజులుగా మార్చండి. అసలును పక్కన దాచిపెట్టి, ఏమీ తెలియనట్టు మళ్లీ విడగొట్టండి. ఇప్పుడు దాచినదానితో పోల్చండి. సగటు కలిసిందని సంబరపడకండి, మొత్తాన్ని కాపాడాం కాబట్టి సగటు ఎలాగూ కలుస్తుంది. చూడాల్సింది ఏటా వచ్చే 15, 30, 60 నిమిషాల గరిష్ఠాలు, పొడి పావుగంటల శాతం, పక్కపక్క ముక్కల పోలిక, శిఖరం రోజులో ఏ వేళ వస్తోందన్నది. హైదరాబాద్ లాంటి లోపలి ఊళ్లకు సాయంత్రం వానలు ఎక్కువ. మీ వరుసలో శిఖరాలు పొద్దున పదింటికి వస్తున్నాయంటే ఎక్కడో కాలమానం పొరపాటు జరిగింది, వెనక్కి వెళ్లి 8:30ని మళ్లీ చూడండి. ఆ పక్కనే గేజ్‌ను కూడా అనుమానించండి. చిన్న తొట్టి నిండి తిరగబడే గేజ్‌లు కుండపోతలో తొట్టి తిరిగేలోపు పడ్డ నీటిని లెక్కలోకి తీసుకోలేక కాస్త తక్కువ చూపిస్తాయి.

చివరిగా, ఒకే ఒక వరుస తయారుచేసి మోడల్‌లో వేసి "ఇదీ ప్రవాహం" అని రాయకండి. అది ఆ లాటరీ టికెట్టు ఫలితం మాత్రమే. కనీసం 50 సార్లు విడగొట్టి, 50 వరుసలనూ ఎస్‌డబ్ల్యూఎంఎంలో నడపండి. మొత్తం 30 ఏళ్లూ నడపనక్కరలేదు, ఏటా పెద్దవి నాలుగైదు వానరోజులు తీసుకుంటే రాత్రికి రాత్రి అయిపోతుంది. ఒక్కో వరుసకు అయిదేళ్లకోసారి వచ్చే ప్రవాహం తీయండి. 2019 నాటి కేంద్ర వరదనీటి కాలువల మాన్యువల్ మహానగరాల కేంద్ర, వ్యాపార ప్రాంతాలకు ఆ స్థాయినే సూచిస్తోంది. 50 జవాబులు వస్తాయి. మధ్యలోది, దానికి అటూ ఇటూ ఎంత వెడల్పుందో రెండూ రిపోర్టులో రాయండి. ఆ వెడల్పు చూసి గైడ్ కంగారు పడొచ్చు. రోజు లెక్కలో లేని సమాచారం ఎంతో, మీ ఫలితంలో దాన్ని నిజాయితీగా చూపించేది ఆ వెడల్పే.

ఇప్పుడు మీ చేతిలో పని: మీ కాలనీకి దగ్గరి ఆటోమేటిక్ స్టేషన్ ఏదో, దాని 15 నిమిషాల రికార్డు ఏ సంవత్సరం నుంచి ఉందో, మధ్యలో ఎన్ని నెలలు ఖాళీలున్నాయో చూసి రాయండి. అయిదేళ్లు దాటితే ఫ్రాగ్మెంట్స్‌తో మొదలుపెట్టి, తేదీకి అటూ ఇటూ ఎన్ని వారాల దాకా చుట్టాలను వెతకాలో కలిసి చూద్దాం. అంతకన్నా తక్కువైతే క్యాస్కేడ్. ఆలోపు ఆ కాలనీలో నీళ్లొచ్చిన ఇళ్లకు ఒకసారి వెళ్లి, గోడ మీద గీతలు టేపుతో కొలుచుకుని, ఎన్నింటికి ఎక్కింది, ఎన్నింటికి తగ్గింది అడిగి నోట్‌బుక్‌లో రాసుకు రండి.